నాన్నగారు నడిచిన దారిలో నా బండి వెళ్తుందా?

మధురవాడ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. ఆమెకు ముప్పై ఆరేళ్లు, బ్యాంకులో ఉద్యోగం. తన పేరూ, తాను వెళ్లదలచుకున్న ఊరి పేరూ బయటపెట్టవద్దని కోరారు కనుక ఆ రెండింటినీ విడిచిపెట్టి, విషయాన్ని నా మాటల్లో క్లుప్తంగా చెబుతాను.

ఏడాది కిందట ఆమె సొంత జీతంతో, నాలుగు మీటర్ల లోపు పొడవుండే చిన్న ఎస్‌యూవీ కొనుక్కున్నారు. పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేరు, ముందు చక్రాలకు మాత్రమే శక్తి అందే బండి. షోరూం నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ అలాగే ఉంది. నగరంలో రోజూ నడుపుతారు, అరకు ఘాటు రోడ్డు మీద రెండుసార్లు వెళ్లివచ్చారు, తారు దిగి మట్టిదారిలో మాత్రం ఎన్నడూ నడపలేదు. ఆమె తండ్రి డెబ్బై రెండేళ్ల విశ్రాంత ఉపాధ్యాయులు. 1980ల చివర్లో పాడేరు అవతలి కొండల్లో ఒక ఆశ్రమ పాఠశాలలో నాలుగేళ్లు పనిచేశారు. ఆ రోజుల్లో బస్సు దిగిన చోటు నుంచి ఏడు కిలోమీటర్లు నడిచి, ఒకే గెడ్డను (కొండవాగును) రెండు చోట్ల దాటి బడికి చేరుకునేవారట. ఇప్పుడు ఆ దారిలో మట్టిరోడ్డు పడిందనీ, ట్రాక్టర్లూ జీపులూ తిరుగుతున్నాయనీ తెలిసింది. కార్తీక మాసంలో ఒక ఆదివారం నాన్నగారిని తానే బండి నడుపుకుంటూ అక్కడికి తీసుకువెళ్లాలన్నది ఆమె కోరిక.

ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు. ఫోర్ బై ఫోర్ జీపు ఉన్న తమ్ముడు, "అక్కా, సస్పెన్షన్ రెండంగుళాలు లేపించి, టైర్లు మార్పించి నా వెనకాల వచ్చేయ్, నీ బండి ఎక్కడికైనా వస్తుంది" అంటున్నాడు. ఆమె భర్త అసలే వద్దంటున్నారు. కిందటిసారి అరకు నుంచి దిగి వస్తుండగా బ్రేకుల దగ్గర కాలిన వాసన వచ్చి, పెడల్ మెత్తబడి, కాసేపు బండి ఆగుతుందో లేదో తెలియని స్థితి ఏర్పడింది. అది ఆయన మరచిపోలేదు. ఈ వయసులో పెద్దాయన్ని కొండల్లో తిప్పడం ఏమిటని అత్తగారు అడుగుతున్నారు. తండ్రి మాత్రం, "మీకు ఇబ్బందైతే వద్దులేమ్మా" అని ఊరుకున్నారు గానీ, పాత ఫోటోలను బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టుకున్నారట. "నేను మొండితనం చేస్తున్నానా? నా బండి నిజంగా అక్కడికి వెళ్లలేదా? ఎవరి మాట వినమంటారు?" అని ఆమె ఉత్తరాన్ని ముగించారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒక ప్రయాణం గురించి రాశాననే మీరు అనుకుంటున్నారు గానీ, నాకు అందులో రెండు ప్రయాణాలు కనిపించాయి. మీరు మొట్టమొదటిసారి తారు దిగి బండి నడపడం ఒకటి. నాన్నగారు ముప్పై అయిదేళ్ల తరువాత తాను పాఠాలు చెప్పిన ఊరిని చూడడం రెండోది. ఈ రెండూ ఒకే ఆదివారం, ఒకే బండిలో జరగాలని మీరు ముడివేసుకోవడం వల్లనే ఇంట్లో ప్రతి ఒక్కరి మాటా సగం సబబుగా, సగం అడ్డంకిగా వినిపిస్తోంది. నేర్చుకునేవారికి తప్పు చేసే వీలుండాలి, దారి బాగా లేకపోతే వెనక్కు తిరిగి వచ్చే స్వేచ్ఛ ఉండాలి. వెనక సీట్లో డెబ్బై రెండేళ్ల నాన్నగారు ఫోటోల కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగా, ఊరు ఇంకో కిలోమీటరే ఉందని తెలిసినప్పుడు, "ఇక్కడితో చాలు, తిరిగి పోదాం" అనడం ఎంత కష్టమో ఆలోచించండి. ఆ ఒక్క మాట అనలేకపోవడం వల్లనే చాలా బండ్లు బురదలో దిగబడతాయి. ముడి విప్పేస్తే మీరు కోరుకున్న రెండూ జరుగుతాయని నా నమ్మకం.

ముందు బండి సంగతి చూద్దాం. దాని అడుగు నేలకు 200 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటుందని రాశారు. ఈ తరగతి బండ్లలో చాలావాటికి 190 నుంచి 210 మిల్లీమీటర్ల మధ్యనే ఉంటుంది, తక్కువేమీ కాదు. అయితే ఆ అంకె తరచుగా ఖాళీ బండి మీద కొలిచినది. నలుగురు పెద్దవాళ్లు ఎక్కి, వెనక సామాను కూడా పెడితే స్ప్రింగులు కుంగి కొంత ఎత్తు అక్కడికక్కడే పోతుంది. అదీగాక, ఎగుడుదిగుడు దారిలో ఈ అంకె ఒక్కటే చాలదు. ముందు బంపరు చక్రం కంటే ఎంత ముందుకు సాగి ఉందన్న దానిని బట్టి, గట్టు ఎక్కేటప్పుడు అది నేలకు తగలడమో తగలకపోవడమో ఉంటుంది. ముందు వెనక చక్రాల మధ్య దూరం మీ బండికి దాదాపు రెండున్నర మీటర్లు. గట్టు మీద ముందు చక్రాలు అవతలికి దిగి, వెనక చక్రాలు ఇవతలే ఉన్న క్షణంలో పొట్ట తగిలేది ఆ మధ్య భాగంలోనే.

మరొక ముఖ్యమైన విషయం, శక్తి ముందు చక్రాలకే అందడం. బండి ఏటవాలు ఎక్కేటప్పుడు బరువు వెనక్కు జరుగుతుంది, ముందు చక్రాలు తేలికవుతాయి. లాగవలసిన చక్రాలకు సరిగ్గా పట్టు కావలసిన సమయంలోనే పట్టు తగ్గుతుందన్నమాట. సమతలంగా ఉన్న కంకర దారిలో ఈ లోపం మీకు తెలియనే తెలియదు. తడిసిన ఎర్రమట్టి ఎగుడులో మాత్రం చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి, బండి పక్కకు జారుతుంది. అందువల్ల పొడి మట్టిదారి, కంకర, చిన్న గుంటలు, అడుగు కనిపిస్తూ చక్రంలో మూడోవంతు మించని నీరున్న గెడ్డ వరకు మీ బండి హాయిగా చేయగల పనులే. వానకు నానిన ఏటవాలు, మెట్లలాంటి బండరాళ్లు, లోతు తెలియని నీరు దాని పని కాదు. అలాగే ట్రాక్టర్ చక్రాలు తవ్విన లోతైన గాడులు. ట్రాక్టర్ పెద్ద చక్రాలు రెండు పక్కలా గాడులు తీసి మధ్యలో మట్టిదిబ్బను వదిలేస్తాయి. ఆ గాడుల్లోకి మీ చక్రాలు దిగితే పొట్ట దిబ్బ మీద కూర్చుంటుంది, చక్రాలు గాలిలో ఆడతాయి. అలాంటి చోట ఒక చక్రాన్ని మధ్య దిబ్బ మీద, రెండోదాన్ని పక్క గట్టు మీద పెట్టి నడపాలి. దానికి దారి వెడల్పు చాలకపోతే, అది మీరు వెనక్కు తిరగవలసిన చోటు.

మీ తమ్ముడు ప్రేమతోనే చెప్పాడనడంలో సందేహం లేదు. కానీ అతని అనుభవమంతా నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి మీద వచ్చినది. అతని బండి సులువుగా వెళ్లిన చోటు మీ బండి వెళ్లగలదని చెప్పడానికి రుజువు కాదు. సస్పెన్షన్ లేపించడం వల్ల ముందు చక్రాలకు శక్తి అందించే షాఫ్టుల కోణం మారి, వాటి కీళ్లమీద ఒత్తిడి పెరుగుతుంది. ఘాటు మలుపుల్లో బండి ఊగడం ఎక్కువవుతుంది. వారంటీ విషయంలో చిక్కులు వస్తాయి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో చేసే మార్పుల మీద ఆంక్షలు పెట్టింది కనుక బీమా క్లెయిము దగ్గర కూడా ప్రశ్న లేవవచ్చు. ఇంత చేసినా శక్తి ముందు చక్రాలకే అందుతుంది, ఏటవాలు సమస్య అలాగే మిగులుతుంది. ఏడు కిలోమీటర్ల మట్టిదారి కోసం ఇంత ఖర్చూ తలనొప్పీ అక్కరలేదని నా అభిప్రాయం. తమ్ముడి సాయం మరోలా తీసుకోండి. అతన్ని ముందు నడవమనండి, కష్టమైన చోట దిగి మీ చక్రాలకు దారి చూపించమనండి.

మీ వారి భయానికి కారణం ఉంది, దానికి విరుగుడూ ఉంది. దిగుడంతా కాలు బ్రేకు మీదే ఉంచినా, పెట్రోలు కలిసి వస్తుందని న్యూట్రల్‌లో దొర్లించినా బ్రేకులు విపరీతంగా వేడెక్కి పట్టు కోల్పోతాయి. మీరు రాసిన కాలిన వాసన, మెత్తబడిన పెడల్ అవే సూచనలు. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కారో దిగేటప్పుడు కూడా దాదాపు అదే గేరులో, ఇంజను బండిని పట్టి ఉంచేలా దిగాలి. బ్రేకును నొక్కి వదిలి, మళ్లీ నొక్కి వదలాలి. మట్టిదారి దిగుడులో అయితే మొదటి గేరు, వీలైనంత తక్కువగా బ్రేకు. ఈ పద్ధతిని మీ వారి ఎదుట ఒకసారి అనంతగిరి ఘాటులో దిగి చూపించండి. ఆయనకు కావలసింది వాదన కాదు, బ్రేకులు చల్లగా ఉన్న ఒక ప్రయాణం. దానికి ముందు మెకానిక్‌తో బ్రేకు ప్యాడ్లూ బ్రేకు ఆయిలూ చూపించుకోవడం మరచిపోవద్దు.

ఇక మీరు అనుకున్న కాలం గురించి. కార్తీకం వనభోజనాలకు మంచిదే గానీ, ఈ ప్రయాణానికి కాదు. అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖను తాకింది, ఆ రోజును మనలో ఎవరూ మరచిపోలేదు. తుపాను రాకపోయినా ఆ నెలల్లో కొండమీద ఒక రాత్రి కురిసిన వాన మరునాటికి దారిని మార్చేస్తుంది, గెడ్డ నీటిమట్టం గంటల్లో పెరుగుతుంది. సంక్రాంతి దాటిన తరువాత, జనవరి చివరి నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా మట్టి గట్టిపడి ఉంటుంది, గెడ్డలు సన్నబడతాయి, ఎండా తీవ్రంగా ఉండదు. పొద్దున్నే పొగమంచు దట్టంగా ఉంటుంది కనుక ఘాటు ఎక్కడానికి తొందరపడకండి, వెలుగు పూర్తిగా వచ్చాకే ఎక్కండి. అక్కడ సాయంత్రం అయిదున్నర దాటితే చీకటి పడడం మొదలవుతుంది. అందువల్ల ఎక్కడ ఉన్నా సరే మధ్యాహ్నం రెండు గంటలకల్లా తిరుగుముఖం పట్టాలని ఇంట్లోనే నిర్ణయించుకుని బయలుదేరండి.

ఇప్పుడు మీ ముందున్న మార్గాలు చెబుతాను. ఏది ఎంచుకున్నా మీ ఇష్టమే, ఒక్కోదాని పర్యవసానం మాత్రం తెలుసుకుని ఎంచుకోండి.

మీరు అనుకున్నట్టే కార్తీకంలో, నాన్నగారితో, మొదటిసారే మీ బండిలో వెళ్లడం ఒక మార్గం. అంతా కలిసి వస్తే అందమైన రోజు అవుతుంది. కలిసి రాకపోతే, ఫోను సిగ్నలు సరిగా అందని చోట, మోకాళ్లు సహకరించని పెద్దాయనతో, సాయం కోసం నడిచే పరిస్థితి వస్తుంది. దీనిని నేను సిఫారసు చేయలేను.

తారురోడ్డు చివర మీ బండి నిలిపి, అక్కడి జీపు మాట్లాడుకోవడం రెండో మార్గం. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. బొర్రా దగ్గర కటికి జలపాతానికి వెళ్లేవారు ఎందరో అలాగే స్థానికుల జీపుల్లో వెళ్తారు. ఆ దారిలో రోజూ తిరిగే డ్రైవరుకు ప్రతి రాయీ తెలుసు, ఆ అద్దె డబ్బు అక్కడి కుటుంబానికే చేరుతుంది. ఆ జీపుల సీట్లు మాత్రం కటువుగా ఉంటాయి, నాన్నగారి నడుముకు కుదుపు ఎక్కువ. ఆయన్ని ముందు సీట్లో కూర్చోబెట్టాలి, జీపులో జనాన్ని కుక్కనివ్వకూడదు. పైగా, మీరే నడపాలన్న కోరిక అలాగే ఉండిపోతుంది. ఆ కోరికను మొండితనమని నేను అనను. సొంత జీతంతో కొన్న బండిలో నాన్నను ఆయన గతంలోకి తీసుకువెళ్లాలనుకోవడం ఎంతో అపురూపమైన విషయం.

మూడో మార్గానికి మూడు నెలలు పడుతుంది, నాకు ఇదే నచ్చుతుంది. మొదటి నెలలో ఇంటికి దగ్గరలో నేర్చుకోండి. ఆనందపురం, పద్మనాభం వైపు ఎవరైనా తెలిసినవారి జీడిమామిడి తోట ఉంటే, అనుమతి తీసుకుని తోటదారిలో రెండు మూడు ఉదయాలు నడపండి. దయచేసి భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లోకి మాత్రం వెళ్లకండి. అది జాతీయ భూవారసత్వ స్థలం, వేల ఏళ్లుగా పేరుకున్న ఆ దిబ్బలను ఒక్క చక్రం ఒక్క పూటలో కోసేయగలదు. ఇసుక తీరం కూడా వద్దు, శీతాకాలం నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన ఒడ్డుకు వచ్చి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం సంగతి చెప్పనక్కరలేదు. తోటదారిలో మీరు నేర్చుకోవలసినవి ఎక్కువేమీ లేవు: క్లచ్ కాల్చకుండా మొదటి గేరులో పాకించడం, దిగి నడిచి చూసి మళ్లీ ఎక్కడం, అద్దాల్లో చూస్తూ వంద మీటర్లు వెనక్కు నడపడం. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. ఇరుకు దారిలో ఎదురుగా ట్రాక్టర్ వస్తే, వెనక్కు నడపగలిగినవారికే ధైర్యం ఉంటుంది.

రెండో నెలలో నాన్నగారు లేకుండా, మీరూ మీ వారూ ఒక బండిలో, తమ్ముడు తన జీపులో, అదే దారిని చూసి రండి. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు వెళ్లి, అక్కడే పెట్రోలు నింపుకోండి. మట్టిదారి మొదలయ్యే ఊళ్లో ఆగి, ఈ దారి ఎవరిది, అడవి శాఖ పరిధిలో ఉందా, మా బండి వెళ్లవచ్చా అని పెద్దవాళ్లను అడగండి. రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా ప్రవేశించడం 1967 నాటి రాష్ట్ర అటవీ చట్టం ప్రకారం నేరం. ఊరికి వెళ్లే ప్రజల దారి ఎక్కడ ముగుస్తుందో, అడవి బాట ఎక్కడ మొదలవుతుందో అక్కడివారికే తెలుస్తుంది. అప్పుడు మీరు ఊరి దాకా చేరవచ్చు, రెండో గెడ్డ దగ్గరే ఆగిపోవచ్చు. రెండింటిలో ఏది జరిగినా ఆ ప్రయాణం ఫలించినట్టే, ఎందుకంటే నాన్నగారి ప్రయాణానికి ఏ బండి కావాలో ఇక ఊహించనక్కరలేదు. మీ బండి హాయిగా వెళ్లిందా, ఫిబ్రవరిలో మీరే నడపండి. వెళ్లలేదా, గెడ్డ దాకా మీరు నడిపి, ఆ పైన జీపు ఎక్కించండి. దీనికి ఓపిక కావాలి, పెట్రోలు రెండింతలు అవుతుంది, ఒక ఆదివారం అదనంగా పోతుంది. ఇంతకుమించి నష్టమేమీ నాకు కనిపించడం లేదు.

ఆ దారి గురించి మరొక మాట చెప్పాలి. మనకు అది సరదా దారి. ఏజెన్సీలో కొన్ని ఊళ్లకు ఇప్పటికీ సరైన రోడ్డు లేక, జ్వరం వచ్చినవారినీ పురిటినొప్పులు పడుతున్నవారినీ డోలీ కట్టి 108 వాహనం ఆగే చోటు దాకా మోసుకువస్తున్నారు. అలాంటి చోట పడిన మట్టిరోడ్డు విలువ వారికి తెలిసినంతగా మనకు తెలియదు. తడిగా ఉన్నప్పుడు మనం చక్రాలు తిప్పి తిప్పి తవ్విన గాడి, ఎండాక రాయిలా గట్టిపడి నెలల తరబడి వాళ్లకే అడ్డమవుతుంది. దారి తడిగా ఉంటే వెళ్లకండని నేను గట్టిగా చెప్పడానికి మీ బండి ఒక్కటే కారణం కాదు.

వెంట తీసుకువెళ్లే సామాను అంటూ మీరు ఉత్తరంలో రాసిన జాబితా పెద్దదిగా ఉంది, చాలావరకు తీసేయవచ్చు. టైర్లలో మామూలుగా 33 పీఎస్ఐ గాలి ఉంచుతారనుకుంటే, మట్టిదారి మొదట్లో 26కు తగ్గిస్తే పట్టూ పెరుగుతుంది, కుదుపూ తగ్గుతుంది. అంతకంటే తగ్గిస్తే టైరు పక్కగోడ రాళ్లకు కోసుకుపోయే ప్రమాదం ఉంది. తారు ఎక్కగానే తిరిగి గాలి నింపడానికి బండి సాకెట్‌తో నడిచే చిన్న కంప్రెసరు, గాలి కొలిచే గేజి తప్పనిసరి. పక్కగోడ తెగితే పంక్చరు కిట్టు పనికిరాదు కనుక స్టెప్నీలో గాలి చూసుకోండి, జాకీ కింద పెట్టడానికి ఒక చెక్కపలక ఉంచుకోండి. బురదలో చక్రాలు తిరుగుతూ ఇంజను శక్తి చచ్చిపోయినట్టు అనిపిస్తే ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారుతుంటే ఇంజను శక్తిని తగ్గించే ఏర్పాటు) కాసేపు ఆపి చూడండి, బయటపడగానే తిరిగి వేయండి. టూల్‌కిట్‌లో ఉండే లాగుడు కొక్కేన్ని ఇంట్లోనే ఒకసారి బిగించి చూసుకోండి. అది మెల్లగా లాగడానికి చేసినది, తమ్ముడి జీపుతో తాడు కట్టి ఒక్కసారిగా గుంజితే ఊడి ఎగిరి మనుషులకు తగలవచ్చు.

గెడ్డ దగ్గర మాత్రం ఎంత చెప్పినా తక్కువే. ముందు ఒకరు కర్ర పట్టుకుని నడిచి దాటాలి. నీరు చక్రంలో మూడోవంతు ఎత్తును మించినా, ప్రవాహం కాళ్లను లాగుతున్నా బండిని నీటిలోకి దింపకూడదు. గాలి పీల్చే గొట్టంలోంచి నీరు ఇంజనులోకి పోతే, నీటిని పిస్టన్ నొక్కలేదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీటిలో ఇంజను ఆగిపోతే మళ్లీ తాళం తిప్పవద్దు, తోసుకుని బయటికి తేవాలి. మామూలు బీమాలో ఈ నష్టం సాధారణంగా రాదు, ఇంజను రక్షణ అనే అదనపు కవరు ఉందో లేదో మీ పాలసీ తెరిచి చూడండి.

చివరగా, నాన్నగారు ఇబ్బందైతే వద్దులేమ్మా అన్నారని రాశారు. ఇప్పటిదాకా ఇంట్లో అందరూ ఆయన గురించి మాట్లాడారు గానీ, ఆ దారి గురించి ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. ఈ వారం ఒక తెల్లకాగితం ఆయన ముందు పెట్టి, బస్సు దిగిన చోటు నుంచి బడి దాకా గీయమనండి. గెడ్డ ఏ నెలలో పొంగేది, ఎక్కడ దాటితే అడుగున రాతినేల ఉండేది, వాన పడితే ఎవరింట్లో ఆగేవారు, అన్నీ రాయమనండి. చూడడానికి వెళ్లే రోజు ఆ కాగితం మీ దగ్గర ఉండాలి. తిరిగి వచ్చేటప్పుడు మాడుగులలో ఆగి ఆయనకు హల్వా తీసుకోండి. దారి ఇప్పుడు ఎలా ఉందో ఆ కాగితం మీదే గుర్తులు పెట్టి, ఆ రాత్రే ఆయనకు చూపించండి.